లెక్క అడిగితే 'మరి వాళ్ళ సంగతేంటి' అంటున్నారు, ఏం చెప్పాలి?

మూడో_అంతస్తు

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది హైదరాబాద్‌లో 45 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీదే బతికాం. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ కాక ట్యాంకర్ల కోసమని ఫ్లాటుకి 3,500 వసూలు చేశారు. మొత్తం 1,57,500 అవుతుంది. ఇచ్చినందుకు బాధ లేదు, నీళ్ళు వచ్చాయి. కాకపోతే ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కోటి ఎంత, రసీదులు ఉన్నాయా అని వాట్సాప్ గ్రూపులో అడిగాను. మర్యాదగానే అడిగాను, చివర్లో దండం బొమ్మ కూడా పెట్టాను.

సెక్రటరీ గారి జవాబు: "పాత కమిటీ మూడేళ్ళు ఒక్క కాగితం చూపించలేదు మేడం, అప్పుడు మీరంతా ఎక్కడికి పోయారు?"

నేను ఇక్కడికి వచ్చి ఏడాదిన్నరే అయింది, అదే చెప్పాను. వెంటనే ఇంకోటి వచ్చింది. "మీ షూ రాక్ కారిడార్‌లో ఉంది. మంటలొస్తే జనం ఎటు పరిగెత్తాలి? ముందు అది తీయించండి." దానికి పంతొమ్మిది మంది బొటనవేలు చూపించారు. ఎవరో రోజాపూల బొమ్మ మీద వేమన పద్యం పెట్టారు, తప్పులెన్నువారు తండోపతండంబులు అని. వేమన ఆ పద్యం ట్యాంకర్ రసీదులు దాచుకోవడానికి రాశాడా అని అడగాలనిపించింది, మా ఆయన ఫోన్ లాక్కున్నారు. తర్వాత రెండు రోజులు గ్రూపంతా షూ రాకుల గురించి, 502 వాళ్ళ కుక్క గురించి. ట్యాంకర్ల మాట ఎత్తినవాళ్ళు లేరు.

ఇందులో నన్ను నిజంగా ఇబ్బంది పెడుతున్నది ఏంటంటే, షూ రాక్ మాట నిజం. కారిడార్‌లోనే ఉంది, ఇంట్లో చోటు లేక పెట్టాం.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మొన్న రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి (ఎనిమిదో తరగతి) "అమ్మా, నన్ను తిడతావు, నువ్వూ తింటూ ఫోన్ చూస్తున్నావు కదా" అంది. నేను ఆలోచించకుండా "ముందు నీ లెక్కల మార్కుల సంగతి చెప్పు" అన్నాను. అన్నాక నా నోట్లోంచి సెక్రటరీ గారి గొంతు వచ్చినట్టు అనిపించింది. ఇక ఆ ముద్ద దిగలేదు.

అడిగేది రెండు. ఇలా మాట తిప్పేవాళ్ళకు గొడవ లేకుండా ఎలా జవాబివ్వాలి? నా వైపు తప్పున్నప్పుడు అడిగే హక్కు నాకు పోయినట్టేనా?

చింతచిగురు

మీ సెక్రటరీ గారు తప్పిపోయి అపార్ట్‌మెంటుకొచ్చారు, అసెంబ్లీకి వెళ్ళాల్సిన మనిషి. హైదరాబాద్ అయినా అమరావతి అయినా, అధికారంలో ఏ పార్టీ ఉన్నా, ప్రశ్న అడగ్గానే మొదటి మాట "మీ హయాంలో ఏం జరిగిందో చెప్పమంటారా అధ్యక్షా". మా నాన్న సమావేశాలప్పుడు టీవీ ముందు కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో క్యాలెండర్ మీద గీతలు పెట్టేవాడు. సాయంత్రానికి చోటు చాలక అమ్మతో తిట్లు తినేవాడు.

నేనైతే ఇలా అంటాను: "సరే అండీ, పాత కమిటీని కూడా అడుగుదాం, తేదీ మీరే చెప్పండి. ఈలోగా ట్యాంకర్లు ఎన్ని?" రోజుకోసారి అదే వాక్యం అంటించండి. విసుగొచ్చేది వాళ్ళకే.

బాపట్ల_మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక పాఠం చెప్పక మానను, విసుక్కోకండి.

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊళ్ళో దగ్గర దగ్గర యాభై వేల మంది జనం. వాళ్ళను మర్నాడు మధ్యాహ్నం బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్ళారు గానీ లోకానికి మాత్రం చెప్పలేదు. 28న ఎక్కడో స్వీడన్‌లో ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో పనివాళ్ళ బూట్లకు రేడియేషన్ అంటుకుని ఉండటం చూసి, ఇది మన దగ్గరిది కాదే, ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆరా తీస్తే అప్పుడు బయటపడింది. ఇక తప్పదని ఆ రాత్రి సోవియట్ టీవీ వార్తల్లో నాలుగైదు వాక్యాలు చదివారు. అది కాదు నేను చెప్పదలచుకున్నది. ఆ వెంటనే వాళ్ళ వార్తాసంస్థ టాస్ ఇంకో కథనం ఇచ్చింది. ఏమని? అమెరికాలో 1979లో త్రీ మైల్ ఐలాండ్‌లో ప్రమాదం జరిగింది, అక్కడ అణు కేంద్రాల్లో ఇలాంటివి చాలానే జరిగాయి, అని. తమ కొంప కాలుతుంటే పక్కూళ్ళో ఏడేళ్ళ కిందట కాలిన ఇంటి గురించి చెప్పారన్నమాట.

ఆ రోజుల్లో న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి ఒక ముచ్చట రాశాడు. ఎక్కడో పరాయి దేశంలో ఘోరం జరిగిందని సోవియట్ టీవీలో వస్తే, మాస్కో జనం తమకు తెలిసిన విదేశీయులకు ఫోన్ చేసి "మా దేశంలో ఏమైనా జరిగిందా" అని అడిగేవారట! అంత అలవాటైపోయింది వాళ్ళకు. మీరూ అలాగే చూడండి. మీ షూ రాక్ గుర్తొచ్చిందంటే ట్యాంకర్ల లెక్కలో ఎక్కడో ఏదో ఉంది. దొంగతనమే అనను. ఏదో ఉంది.

త్రీ మైల్ ఐలాండ్ అబద్ధం కాదు, గమనించారా. నిజంగానే జరిగింది. మాట తిప్పేవాడు చాలాసార్లు నిజమే చెబుతాడు, అబద్ధమైతే ఖండించి ఊరుకోవచ్చు కదా. నిజం కాబట్టే మనం ఆగి దానికి జవాబు చెప్పడం మొదలుపెడతాం, ఆ మొదలుపెట్టడమే వాడికి కావాల్సింది.

ఉత్తర ఐర్లాండ్‌లో గొడవలు ముదిరిన కాలంలో, 1974లో, ఒక చరిత్ర మాస్టారు (మా జాతివాడే!) ఐరిష్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. ఐఆర్‌ఏ వాళ్ళు (అక్కడ బ్రిటిష్ పాలన మీద ఆయుధాలు పట్టిన సంస్థ) ఫలానా దారుణం చేశారు అనగానే, అవతలివాళ్ళు ఇంతకంటే ఘోరాలు చేయలేదా అని లేచేవాళ్ళకు 'వాటబౌట్లు' అని పేరు పెట్టాడు. ఇప్పుడు పేపర్లలో కనిపించే వాటబౌటరీ, వాటబౌటిజం అన్న మాటలు ఆ కాలం నుంచి వాడుకలోకి వచ్చినవే. మనకు అంత పెద్ద మాట అక్కర్లేదు. మా ఊళ్ళో దీన్ని 'ఎదురు పద్దు' అనేవారు. అప్పు అడగడానికి వెళ్తే మన తాత వాళ్ళ తాతకు బాకీ ఉన్న వడ్లు బయటికి తీయడం.

నల్లకోటు

మాస్టారు చెప్పినదానికి నా వృత్తి వైపు నుంచి కొంచెం కలుపుతాను. (ఫీజు లేని సలహా, అంత విలువే ఇవ్వండి.)

మీ రెండో ప్రశ్నకు కోర్టుల్లో ఎప్పుడో జవాబు దొరికింది. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానం అంటుంది కదా, దాన్ని పట్టుకుని "పక్కోడు రెండంతస్తులు ఎక్కువ కట్టాడు, వాణ్ణి వదిలేసి నాదే ఎందుకు కూలుస్తున్నారు" అని వచ్చేవాళ్ళకు లెక్కలేదు. సుప్రీంకోర్టు 1995లో చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో దీన్ని తేల్చేసింది. వేలంలో పాడుకున్న స్థలానికి సొమ్ము సరిగ్గా కట్టక కేటాయింపు రద్దయింది, ఫలానావాళ్ళకు తిరిగి ఇచ్చారు కాబట్టి నాకూ ఇవ్వాలి అన్నది వాదన. ఒకరి విషయంలో అధికారులు చట్టానికి విరుద్ధంగా పోయి ఉంటే అదే తప్పు నా విషయంలోనూ చేయండి అని సమానత్వం పేరుతో అడగడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత వందల తీర్పుల్లో ఇది వస్తూనే ఉంది. మా భాషలో నెగెటివ్ ఈక్వాలిటీ లేదు అంటాం. మామూలు మాటల్లో, తప్పులో వాటా అడిగే హక్కు ఎవరికీ లేదు.

అయితే 'వాళ్ళూ చేశారు' అన్న మాటకు కోర్టులో అసలు చోటే లేదనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నాజీ పెద్దల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ మీద, హెచ్చరిక లేకుండా సబ్‌మెరైన్లతో ఓడల్ని ముంచాడన్న అభియోగం ఉంది. అతని లాయరు క్రాంజ్‌బ్యూలర్ గట్టివాడు. వాళ్ళూ చేశారు కాబట్టి మావాణ్ణి వదిలేయండి అంటే కోర్టు వినదని తెలుసు, అందుకని అలా అడగలేదు. సముద్ర యుద్ధంలో అసలు నియమం ఏమిటో తేల్చుకుందాం అని అమెరికా అడ్మిరల్ నిమిట్జ్‌కు ప్రశ్నలు పంపించాడు. పసిఫిక్‌లో యుద్ధం మొదటి రోజు నుంచీ మేమూ అదే చేశామని నిమిట్జ్ రాసిచ్చాడు. అంత పెద్దమనిషి తనే రాసిచ్చాడు, అది చూడండి. 1946 తీర్పులో డోనిట్జ్ నియమం ఉల్లంఘించాడనే రాశారు, కానీ శిక్షను మాత్రం ఆ ఉల్లంఘనల మీద లెక్కగట్టలేదు. మిగతా నేరాలకు పదేళ్ళు పడింది.

కాబట్టి పక్కవాడి తప్పు చూపిస్తే శిక్ష ఎంత అన్న దగ్గర పనికి రావచ్చు. తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర పనికిరాదు. ఇక మీ సెక్రటరీ విషయంలో శిక్ష దాకా పోలేదు, ఇంకా లెక్క దగ్గరే ఉన్నాం. సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయ్యుంటే సభ్యురాలిగా లెక్కలు అడగడం మీ హక్కు, షూ రాక్ ఎక్కడున్నా సరే. వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.

సంపు_తాళం_నా_దగ్గరే

నేను ఇంకో అపార్ట్‌మెంటులో సెక్రటరీని. అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి అటు వైపు నేను చెప్తా.

లాయర్ గారూ, ముందు మీరు చెప్పండి, మీలో ఎంతమంది ఫీజుకి రసీదు ఇస్తున్నారు?

సరే, కోపంలో అనేశాను, తీసేయను, ఉండనివ్వండి. దీన్ని చూస్తే ఈ రోగం ఎంత తేలిగ్గా అంటుకుంటుందో తెలుస్తుంది.

మేడం గారూ, ఈ పనికి జీతం లేదు. ట్యాంకర్ తెల్లవారుజామున నాలుగింటికి వస్తే లేచి సంపు మూత తీసింది నేను. మా దగ్గర డబ్బు కట్టనివాళ్ళు ఏడుగురున్నారు, గ్రూపులో ఎక్కువ ప్రశ్నలు వేసేది వాళ్ళే. మీరు అలాంటివారు కాదు, తెలుస్తోంది. కానీ మీ ప్రశ్న చదివేటప్పటికి అతను ఆ ఏడుగురి మెసేజీలు చదివి ఉన్నాడు.

రెండోది, ప్రైవేటు ట్యాంకర్ డ్రైవర్ బిల్లు ఇవ్వడు. డబ్బు చేతిలో పెట్టమంటాడు, లేదంటే తన బామ్మర్ది నంబరుకి ఫోన్‌పే కొట్టమంటాడు. మహా అయితే సిగరెట్ పెట్టె అట్ట మీద తేదీ రాసిస్తాడు. ఏప్రిల్‌లో ఆ తొందరలో ఎవడు దాచిపెడతాడు? నా దగ్గర కూడా సగానికి లేవు. "రసీదులు లేవు" అని 45 ఫ్లాట్ల ముందు చెప్పాలంటే ప్రాణం పోతుంది. అప్పుడు కళ్ళ ముందు షూ రాక్ కనపడుతుంది. దొంగ కాబట్టి మాట తిప్పాడని అనుకోకండి, సిగ్గుపడి కూడా తిప్పుతారు.

మూడోది పైకి చెప్పుకోలేనిది. మా పాత ప్రెసిడెంటు పెద్ద హోదాలో రిటైరైన ఆఫీసరు. ఐదేళ్ళు ఒక్కడూ నోరెత్తలేదు, లిఫ్టులో కనిపిస్తే తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళు. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. నేను కూర్చోగానే అందరికీ ఆడిట్ గుర్తొచ్చింది. "అప్పుడెక్కడికి పోయారు" అన్న మాటలో ఈ మంట ఉంటుందండీ, ఉత్త ఎగవేత కాదు. అయినా లెక్క చూపించాల్సిందే, అది వేరే సంగతి.

ఒక పని చేయండి. గ్రూపులో అడగొద్దు. వాళ్ళింటికెళ్ళి "నేనూ కూర్చుంటాను, కలిసి రాద్దాం" అనండి. వాచ్‌మన్ దగ్గర నోట్‌బుక్ ఉంటుంది, చూడండి.

నల్లకోటు

ఫీజు రసీదు: చాలామంది ఇవ్వరు. నేనూ అన్నిసార్లూ ఇవ్వలేదు. తప్పే. ట్యాంకర్లు ఎన్ని?

చింతచిగురు

😂😂 అందరూ దీన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, జవాబు ఎలా ఇవ్వాలో లాయర్ గారు చూపించేశారు.

డల్లాస్_కుర్రోడు

మా ఇంట్లో ఇది ఖండాంతరంగా నడుస్తోంది. సెలవులకొచ్చి మా ఊరి రోడ్డు గుంతల గురించి ఒక్క మాట అంటే నాన్న "మీ అమెరికాలో బళ్ళలో పిల్లల్ని కాల్చేయట్లేదా" అంటాడు. ఆ మాట నిజమే, నాకు ఇద్దరు పిల్లలున్నారు, స్కూల్లో తుపాకీ వస్తే ఎక్కడ దాక్కోవాలో వాళ్ళతో డ్రిల్లు చేయిస్తారు. కానీ నాన్నా, నేను రాత్రి బండి మీద ఆ గుంతలో పడ్డాను కదా!! ఇటు తిరిగొచ్చాక ఇక్కడి స్నేహితుల్తో తుపాకుల గురించి బాధపడితే "అయితే ఇండియా బెటరా, ఆ ట్రాఫిక్ చూశావా" అంటారు. రెండు చోట్లా నోరు మూసుకోవాల్సింది నేనే.

మాస్టారు గారు సోవియట్ ఉదాహరణ చెప్పారు కాబట్టి దాని రెండో వైపు. రష్యన్లలో పాత జోకు ఒకటుంది. మీ దగ్గర కార్మికుడు కారు కొనాలంటే ఎన్నేళ్ళు పడుతుందని అమెరికావాడు అడిగితే, రష్యావాడు చాలాసేపు ఆలోచించి "మీరు నల్లవాళ్ళను కొట్టి చంపుతున్నారుగా" అంటాడు. నవ్వొస్తుంది. కానీ ఆ మాట ఉత్తుత్తిది కాదు. 1931లో అలబామాలో స్కాట్స్‌బరో అనే ఊళ్ళో, రైల్లో ఇద్దరు తెల్ల అమ్మాయిల మీద అఘాయిత్యం చేశారని తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళ మీద కేసు పెట్టి, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీలతో విచారించి, ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. చివరికి ఆ మరణశిక్ష తప్పింది గానీ జైళ్ళలో ఏళ్ళకేళ్ళు మగ్గారు. మాస్కోలో దాని మీద పోస్టర్లు వేశారు, ఊరేగింపులు తీశారు. అదే 1932, 33లో ఉక్రెయిన్‌లో లక్షల మంది తిండి లేక చచ్చిపోతుంటే కరువే లేదని బుకాయించింది కూడా వాళ్ళే. అంటే స్కాట్స్‌బరో మీద వాళ్ళకు ప్రేమ కాదు. అయినా ఆ పిల్లలకు జరిగిన అన్యాయం అన్యాయమే కదా, ఎవరు ఎత్తిచూపితేనేం.

ఆ ఎత్తిపొడుపు పని కూడా చేసింది. బడుల్లో నల్లపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడం మీద బ్రౌన్ కేసు సుప్రీంకోర్టులో నడుస్తున్నప్పుడు, 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ కోర్టుకు ఇచ్చిన పత్రంలో ఈ వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి మేత అవుతోందని రాసింది. 1954లో తీర్పు వచ్చింది. తీర్పు అందుకే వచ్చిందని అనను, దాని వెనక ఎన్నో ఏళ్ళ పోరాటం ఉంది. కానీ శత్రువు వేలు చూపించిన చోటే వీళ్ళకూ నొప్పి తెలిసింది.

అందుకని అక్కా, షూ రాక్ మాట ఎందుకన్నాడో వదిలేయండి. అది నిజమైతే తీసేయండి, ఆయన కోసం కాదు.

మూడో_అంతస్తు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

షూ రాక్ లోపలికి తెచ్చేశాం. గ్రూపులో ఒకే లైను పెట్టాను, "షూ రాక్ తీసేశాను, అది నా పొరపాటు, ఆదివారం మీ ఇంటికి వచ్చి ట్యాంకర్ల లెక్క చూడొచ్చా" అని. రెండు నీలం టిక్కులు పడి రోజంతా జవాబు లేదు, నాకు టెన్షన్. రాత్రి పదకొండింటికి "రండి" అని వచ్చింది.

సెక్రటరీ గారు చెప్పింది చాలావరకు నిజమే (మా సెక్రటరీ కాదు, ఇక్కడి సంపు తాళం గారు). వాచ్‌మన్ నోట్‌బుక్‌లో 62 ట్యాంకర్లు రాసున్నాయి, ఒక్కోటి 2,200. చీటీలు, ఫోన్‌పేలు కలిపి 41కి దొరికాయి. 62 లెక్కన 1,36,400. సంపు మోటారు కాలిపోతే బాగుచేయించిన బిల్లు 9,800 ఉంది. ఇంకా 11,300 తేలలేదు. మధ్యలో ఆయన "పాత కమిటీ అయితే..." అని మొదలుపెట్టి, వాళ్ళావిడ మజ్జిగ గ్లాసులు తెచ్చి చూసిన చూపుకి ఆగిపోయారు. ఆ 11,300 వెతికి చెప్తానన్నారు. రాసి ఇమ్మన్నాను, ఇచ్చారు, సంతకం కూడా పెట్టారు. పాత కమిటీ లెక్కలు కూడా వచ్చే జనరల్ బాడీ మీటింగులో అడుగుదామని అజెండాలో పెట్టించాను, అది చూసి మాత్రం ఆయన ముఖం వెలిగింది. పాత ప్రెసిడెంటు గారు అప్పటి నుంచి నన్ను లిఫ్టులో పలకరించట్లేదు.

మా అమ్మాయికి కూడా చెప్పాను, ఆ రోజు నేను మాట తిప్పానని. "తెలుసు" అంది, అంతే. అన్నాల దగ్గర ఫోన్లు ఫ్రిజ్ మీద పెడుతున్నాం, మా ఆయనకి తప్ప, ఆయన సంగతి నేను మాట్లాడను.

షూ రాక్ లోపలికి వచ్చాక హాల్లో నడవడానికి చోటు లేదు. సన్నగా, గోడకి కొట్టే రకం ఏదైనా తెలిస్తే చెప్పండి.